తోక కూర్చుంటే తల తిరిగి రావాలి

కుంకుమ రాశులు పోసినట్టు తూర్పు దిక్కు ఎర్రబడి, పద్మరాగాలు పొదిగిన పసిడి పళ్లెం వంటి సూర్యబింబం ఇసుక గుట్టల మీదికి ఎగబాకే వేళకు, నడిచే ఇసుకల సీమ నిద్రలేచి ఒళ్లు విరుచుకుంది. అక్కడ ఇసుక నిజంగానే నడుస్తుంది. ఇవాళ కొండ ఉన్నచోట రేపు లోయ ఉంటుంది. ఏనుగులు తొక్కినా చెక్కుచెదరని గట్టి నేల పక్కనే, పిచ్చుక వాలితే మింగేసే మెత్తని నేల ఉంటుంది. శ్వేతకుంభ దేశపు సైన్యం ఒకసారి గొడుగులతో, జెండాలతో, బాకాలతో ఆ సీమలోకి దిగింది. బాకాల మోత మూడు ఘడియల పాటు వినిపించిందట. ఆ తర్వాత అదీ లేదు.

అంతటి సీమను ఏటా రెండుసార్లు క్షేమంగా దాటి వచ్చేది ఎర్రసాని బిడారు ఒక్కటే. ఏడుగురు మనుషులు, వీపుల మీద ఉప్పు పెరికలు మోసే నలభయ్యొక్క ఎద్దులు. అందరికన్నా ముందు డెబ్భయ్యేళ్ల ఎర్రసాని అవ్వ ఎడమ కాలు ఈడ్చుకుంటూ, మువ్వల కర్రతో నేలను పొడుచుకుంటూ నడుస్తుంది. గట్టి నేల తగిలితే మువ్వలు మోగుతాయి, మెత్తని నేలైతే మూగపోతాయి. అందరికన్నా వెనక, నలభయ్యొక్క ఎద్దులు లేపిన దుమ్మును మూడు పూటలా భోంచేస్తూ కేతిగాడు నడుస్తాడు.

ఆ కేతిగాడిని చూసి ఎవరైనా పశువుల కాపరి అనుకుంటే తప్పు వాళ్లది కాదు. చిరుగుల తలపాగా, చేతిలో ములుకర్ర, భుజాన సొరకాయ బుర్ర, రెప్పల మీద దుమ్ము. కానీ అతడు సాక్షాత్తు శ్వేతకుంభ యువరాజు జయకేతుడు. నలభై రోజుల కిందటి దాకా ఊరేగింపులో మొదటి ఏనుగు అతనిది, విందులో మొదటి ముద్ద అతనిది, సభలో చివరి మాట కూడా అతనిదే. సగం సింహాసనం ఇవ్వలేదన్న కక్షతో ఒంటిజడ మాంత్రికుడు ధూమకరాళుడు మహారాజు వసుకీర్తి మీద శిలామంత్రం ప్రయోగించాడు. ఆనాటి నుంచి మహారాజు పాదాలు మొదలుకొని రోజుకింత చొప్పున రాయిగా మారిపోతున్నాడు. విరుగుడు ఒక్కటే. ఆ ఇసుకల నడుమ ఊరే ముత్యాల చెలమ నీళ్లు.

ఆ చెలమకు రాజుల కన్నా పొగరెక్కువ. మువ్వల కర్ర పట్టుకున్నవాడు వంగితేనే అందులో నీరు ఊరుతుంది. ఎవరి మనిషి కోసం వాళ్లే తోడుకోవాలి, ఇంకొకరు తోడి ఇస్తే ఉప్పు కషాయం. ఆ కర్ర వరస ప్రకారం చేతికి వచ్చినదై ఉండాలి. లాక్కున్నవాడు వంగితే ఇసుకే మిగులుతుంది. పోనీ అడిగి పుచ్చుకుందామా అంటే, అడిగిన చేతికి కర్ర ఇవ్వకూడదని బిడారు కట్టుబాటు. అవ్వ తర్వాత శోభనాద్రి, అతని తర్వాత పెద్ద మల్లడు, చిన్న మల్లడు, వంట చూసే బసవమ్మ, పాటలు పాడే పోలడు. అందరి తర్వాత కేతిగాడు. అవ్వ చూస్తే ఇంకో డెబ్భయ్యేళ్లు నడిచేట్టుంది.

మొదటి రోజు యువరాజు వరస గిరస అనకుండా గబగబా ముందుకు పోయి, "దారి నేను చూపిస్తాను, నా వెంట రండి!" అన్నాడు. పది అడుగులు వేశాడో లేదో నడుము లోతున దిగిపోయాడు. ఒక ఎద్దు తోక పట్టుకుని బయటపడ్డాడు. అప్పుడు అవ్వ తమలపాకు నములుతూ చెప్పింది.

"ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్లేదురా. పో, నలభయ్యొక్క తోకల ఎనకాల నడువు. తోకల్ని చూసీ చూసీ, తల ఎట్టా ఉండాలో నీకే తెలుస్తది."

ఆ రోజు నుంచి అతడు నడుస్తూనే ఉన్నాడు. మొదట్లో పళ్లు కొరుక్కున్నాడు. తర్వాత కొరుక్కోవడానికి పళ్ల మధ్య ఇసుక అడ్డొచ్చి మానేశాడు. సాయంత్రం మజిలీ చేరగానే ఎద్దులన్నిటినీ పేరు పెట్టి పిలిచి, అరచేతిలో ఉప్పు పోసి నాకించడం తోక మనిషి పని. పదో రోజుకి నలభయ్యొక్క పేర్లూ వచ్చాయి. ఇరవయ్యో రోజుకి, నుదుట తెల్లచుక్క, ఎడమ చెవికి చీలిక ఉన్న చుక్కలోడు అతడి చేతిలో ఉప్పు నాకిన తర్వాతే నీళ్లు ముట్టేవాడు. ముప్పయ్యో రోజున పోలడి పాటకు యువరాజు వంత పాడాడు. గొంతు బాగాలేదని ఎద్దులు కూడా అనలేదు.

ఆ పొద్దున మాత్రం అతడి మనసు మనసులో లేదు. మొలలో దాచుకున్న తండ్రి ఉంగరాన్ని రహస్యంగా తీసి చూశాడు. తెల్లని మణి అడుగు నుంచి నల్లబడుతూ వచ్చింది. తండ్రి ఎంత రాయి అయితే మణి అంత నలుపు; మణి మీద చెలమ నీరు పోస్తే అక్కడ తండ్రి మీద పోసినట్టే. ఇవాళ పైన వెంట్రుకవాసి తెలుపు మాత్రం మిగిలి ఉంది. పొద్దు గూకితే అదీ ఉండదు. బిడారు ముత్యాల చెలమ చేరేది కూడా ఇవాళ సాయంత్రానికే. నోరు తెరిచి అడగకూడదు, చెయ్యి చాచి లాక్కోకూడదు. ఏం చెయ్యాలో తోచక అతడు ఎద్దుల్ని లెక్కపెట్టాడు.

నలభై రెండు!

కళ్లు నులుముకుని మళ్లీ లెక్కపెట్టాడు. నలభై రెండే. కట్టకడపటి ఎద్దు కొత్తది. బూడిద రంగు, ముసలి ముఖం, వీపున పెరిక లేదు. వెనక ఎడమ కాలు ఈడుస్తోంది.

"పోలన్నా, ఒక ఎద్దు ఎక్కువొచ్చింది," అన్నాడు ముందున్న పోలడితో.

"అవ్వ కొనుంటదిలే."

"ఇసకలో సంత యాడుంది?"

"నన్నడుగుతావేంది? మాట ముందుకి పంపు."

తోక మాట ముందుకు పోవాలంటే ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి ఎక్కి పోవాలి. "నలభై రెండూ!" అన్న కేక పోలడి నుంచి బసవమ్మకు, బసవమ్మ నుంచి మల్లలకు, వాళ్ల నుంచి శోభనాద్రికి చేరింది. ఒక చిల్లుకుండ తక్కువైతేనే బిడారును గంటసేపు నిలబెట్టి తిట్టే మనిషి అవ్వ. ఇవాళ ముందు నుంచి తిరిగొచ్చిన జవాబు ఒకటే ముక్క. "మంచిదే. నడవండి!"

బసవమ్మ మూతి ముడుచుకుని కనిపించింది. "అవ్వకి ఏదో అయిందిరా కేతిగా. తోక మనిషి తాగిందాకా గుక్కెడు గంజి తాగనిది, పొద్దున్నే అందరికన్నా ముందు ముంత చాపింది. పైగా ఉప్పెయ్యొద్దంట! ఉప్పు బిడారులో ఉప్పు లేని గంజి! నా వంటకి వంక పెట్టినట్టు గాదూ?"

జయకేతుడు ఆలోచిస్తూ అలవాటు కొద్దీ ఈల వేశాడు. కొత్త ఎద్దు గిరుక్కున తిరిగి అతడి మోకాలి మీద ఒక్క తన్ను తన్నింది. ఈల వింటే ఎర్రసాని అవ్వకు ఒళ్లుమంట. అతడు కుంటుతూ వచ్చి ములుకర్రతో దాని పిరుదు మీద చిన్నగా ఒకటి అంటించాడు. ఎద్దు వెనక్కి తిరిగి చూసిన చూపుకు చెయ్యి దానంతట అదే దిగిపోయింది. కాసేపటికి అది మెడ వంచి, పోలడి నడుముకు వేలాడే తమలపాకుల తిత్తిని ముట్టెతో పొడవడం మొదలుపెట్టింది.

అంతలో దారి కొడవలి గుట్టను చుట్టి వంపు తిరిగింది. బిడారులో మధ్యన నడిచేవాడికి ముందరి ఎద్దు వెనకభాగమే లోకం. ముందు నడిచేవాడికి ముందున్న ఇసుకే లోకం. వంపు తిరిగినప్పుడు బిడారు మొత్తం కనిపించేది తోక మనిషి ఒక్కడికే. జయకేతుడు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అల్లంత దూరాన ముందు నడుస్తున్న ఎర్రసాని అవ్వ, నిటారుగా, పదహారేళ్ల పడుచులా టకటకా అడుగులు వేస్తోంది! ఎడమ కాలు ఈడవడం లేదు. నేలను పొడవకుండా కర్రను గాలిలో ఊపుతోంది. మువ్వలు ఆగకుండా మోగుతున్నాయి. ఇక్కడ అతడి ముందు ముసలి ఎద్దు ఎడమ కాలు ఈడుస్తూ ఇసుకలో గీత గీస్తోంది. నలభై రోజులుగా మజిలీ చుట్టూ అవ్వ కాలు గీసే గీత అదే.

సంగతి బోధపడింది. ఈ ఎద్దే అవ్వ, ముందు నడిచేది ఎవరో మాయలాడు.

ఎగిరి ముందుకు దూకుదామా? వరస తప్పి పక్కకు అడుగు వేస్తే ఇసుక మింగేస్తుంది. కేక వేద్దామా? ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోయే మాట చివరికి చేరేది ఆ మాయలాడి చెవికే. తోక మనిషికి ఉన్న అధికారం మొత్తం మీద ఒక్కటి. అతడు కూర్చోవచ్చు. తోక కూర్చుంటే బిడారు ఆగాలి, తల తిరిగి రావాలి. ఎంతటి పెద్దయినా చివరిదాకా నడిచొచ్చి, "ఏమైంది నాయనా?" అని అడగాలి. ప్రయాణం మొత్తంలో మనిషికి ఒక్కసారే ఆ అవకాశం. కారణం లేకుండా కూర్చున్నాడని తేలితే ఆ మనిషిని బిడారులోంచి వెళ్లగొడతారు. ఇక కర్రా లేదు, చెలమా లేదు, తండ్రీ లేడు.

తన అనుమానం తప్పయితే? జయకేతుడు ముసలి ఎద్దు ముఖంలోకి చూశాడు. అది విసుగ్గా తల ఆడించింది. ఇంకా ఏం చూస్తావురా అన్నట్టే ఉంది.

అతడు ములుకర్ర పక్కన పెట్టి, బాసింపట్టు వేసుకుని దుమ్ములో కూర్చున్నాడు.

"ఓరి నీ తెలివి తెల్లారా! లెయ్యరా!" అన్నాడు పోలడు. కేతిగాడు కదల్లేదు. పోలడి ముఖంలో నవ్వు పోయింది. ముందుకు తిరిగి గొంతెత్తి అరిచాడు. "తోక కూర్చుందీ!"

"తోక కూర్చుందీ!" బసవమ్మ అందుకుంది. పెద్ద మల్లడు, చిన్న మల్లడు అందుకున్నారు. బిడారు బిడారంతా నిలిచిపోయింది. ముందున్న అవ్వ వెనక్కి తిరిగి కళ్లెర్రజేసింది.

"ఎవడ్రా వాడు? తన్ని లేపండి! లేవకపోతే వాణ్ణి ఆడే వదిలేసి నడవండి!"

బిడారు పుట్టిన నాటి నుంచి ఏ తలా అనని మాట అది. ఎంత మంత్రం నేర్చినా, ఎంత వేషం కట్టినా, పెద్దరికం అంటే కిందివాడి దగ్గరికి నడిచి రావడమని ధూమకరాళుడికి ఎవరూ చెప్పలేదు పాపం.

శోభనాద్రి రెండో స్థానంలో నిలబడి ఉన్నాడు. భారీ మనిషి. పిల్లి ఎదురైతే పూట ప్రయాణం మానుకునే పిరికివాడు. అయినా నోరు విప్పాడు.

"నువ్వు... నువ్వు మా అవ్వవి గావు!"

ఫెళఫెళమని ఆకాశం పగిలినట్టు నవ్వు వినిపించింది. ముసలిరూపం పొగలా కరిగిపోయి, ఆ పొగలోంచి తాటిచెట్టంత ఎత్తున ఒక ఆకారం లేచింది. నిప్పు కణికల వంటి కళ్లు, మోకాళ్ల దాకా వేలాడే ఒంటి జడ, మెడలో పుర్రెల పేరు, ముక్కుపుటాల నుంచి సుడులు తిరిగే పొగ. ధూమకరాళుడు మువ్వల కర్రను గిరగిరా తిప్పి నేలకు కొట్టాడు. కొడవలి గుట్ట గుట్టంతా కెరటంలా పైకి లేచి బిడారు మీదికి కదిలింది!

ఎద్దులు బెదిరిపోయాయి. చిన్న మల్లడు మోకాళ్ల దాకా దిగిపోతే పెద్ద మల్లడు జుట్టు పట్టి లాగాడు. బసవమ్మ గరిటె ఎత్తింది. జయకేతుడు లేవబోయేంతలో ముసలి ఎద్దు రెండు కొమ్ముల మధ్య అతణ్ణి ఇరికించి, గుమ్మడికాయను ఎగరేసినట్టు ఎగరేసి వీపు మీద వేసుకుంది. ఆ కుంటికాలితో అది పెట్టిన పరుగు శ్వేతకుంభ అశ్వశాలలో ఏ గుర్రానికీ రాదు. గట్టి నేల ఎక్కడుందో దానికి డెబ్భయ్యేళ్లుగా తెలుసు. యువరాజు దాని మెడ కావలించుకుని, దారిలో ఒక పెరికను ములుకర్రతో ఫర్రున చీల్చి, కారుతున్న ఉప్పును పిడికిళ్ల నిండా దొరకబుచ్చుకున్నాడు.

"ఉప్పులేని గంజి తాగావట గదా! ఇదిగో ఉప్పు!" అంటూ మాంత్రికుడి ముఖాన కొట్టాడు.

ఉప్పు తగిలినచోటల్లా ధూమకరాళుడి ఒళ్లు చుయ్యిమంది. వాడు గావుకేక పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మువ్వల కర్ర జారి సరిగ్గా జయకేతుడి కాళ్ల దగ్గర పడింది. అతడు ఎద్దు మీది నుంచి దూకి కర్ర అందుకున్నాడు. మాంత్రికుడు గాలిలోకి లేచి, మంట భరిస్తూనే నవ్వాడు.

"పట్టుకో యువరాజా, పట్టుకో! ఎవరినీ అడగలేదు, ఎవరి నుంచీ లాక్కోలేదు, నీ కాళ్ల దగ్గరికే వచ్చింది. ఉంగరం చూసుకో, నీ తండ్రి గొంతు దాకా రాయి అయ్యాడు. ఆ తోకగాళ్లతో నీకేం పని? చెలమ అదిగో, పరుగెత్తు!"

బిడారులో అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. యువరాజా? మన కేతిగాడా?

చెలమ నిజంగానే కనిపిస్తోంది. మూడు గుట్టల అవతల ముత్యపు మెరుపు. జయకేతుడి చేతిలో కర్ర ఉంది. తండ్రి ముఖం కళ్లల్లో మెదిలింది. కానీ చేతిలోని మువ్వలు ఒక్కటీ మోగడం లేదు. వీపు వెనక ఇసుక కెరటం పెరుగుతోంది. దాని నీడలో శోభనాద్రి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడు వరస అతడిది.

జయకేతుడు ఒక చెయ్యి ఎద్దు కొమ్ము మీద ఆనించి, రెండో చేత్తో కర్రను శోభనాద్రి ముందుకు చాపాడు.

"మావా, ఇది నీ వంతు. పట్టుకో."

"నాకు దారి తెలీదురా అయ్యా... రాజుగారా! నాకు భయం!"

"మువ్వలకు తెలుసు మావా. నువ్వు పొడువు, చాలు."

శోభనాద్రి కళ్లు మూసుకుని కర్ర పట్టుకుని నేలను పొడిచాడు. ఘల్లుమన్నాయి మువ్వలు! ఆ మోతకు ఇసుక కెరటం ఎక్కడిదక్కడ చతికిలబడింది. ధూమకరాళుడు పెడబొబ్బ పెట్టి సుడిగాలిగా మారి ఎద్దుల మందలోకి పడ్డాడు. కాసేపు దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. దుమ్ము అణిగాక చూస్తే వాడి జాడ లేదు.

కొమ్ము పట్టుకున్న జయకేతుడి చేతికి ఏదో మెత్తగా తగిలింది. చూసుకున్నాడు. అది అవ్వ కొప్పు.

"వదల్రా నా కొప్పు!" అంది ఎర్రసాని, నోట్లోంచి ఒక గడ్డిపరక తీసి పారేస్తూ. "పోలిగా, ఆకులిటు తే. పొద్దుట్నించీ గడ్డి తిని నాలిక చచ్చిపోయింది. ఇదిగో కేతిగా, ములుకర్రతో నన్నెక్కడ పొడిచావో గుర్తుందా?"

యువరాజు తలవంచుకున్నాడు. "తప్పయిందవ్వా."

"తప్పు గాదు, ఎద్దుని పొడిచినట్టే పొడిచావు, పని తెలిసినోడివి." అవ్వ తమలపాకు దవడన పెట్టుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది. "కర్ర నువ్వే ఉంచుకున్నావనుకో, నేను చచ్చిందాకా ఎద్దునే. ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలీదు."

"తెలీకుండానే ఇచ్చేశావా?"

"వంతు మావది గదవ్వా!"

అవ్వ అతడి మొలలోంచి ఉంగరాన్ని తానే లాగి, మణి మీద మిగిలిన తెల్లగీతను చూసింది. పొద్దు పడమటికి జరిగిన తీరు చూసింది. తర్వాత బిడారు వైపు తిరిగింది.

"ఒరే శోభనాద్రీ! వంతు తప్పకూడదన్నారు మన పెద్దోళ్లు. అవునా?"

"అవునవ్వా."

"ఒక్కో వంతు ఎంత పొడుగుండాలో చెప్పారా?"

శోభనాద్రి తల గోక్కున్నాడు. ఆపైన అతడి పెద్ద ముఖం విప్పారింది. అతడు కర్ర పొడుచుకుంటూ సరిగ్గా పది అడుగులు నడిచాడు. నడిచినంతసేపూ ఛాతీ విరుచుకునే నడిచాడు. పదో అడుగున ఆగి, "మల్లా, నా వంతు అయింది. పట్టుకో," అన్నాడు. పెద్ద మల్లడు పది అడుగులు నడిచి తమ్ముడికి ఇచ్చాడు. చిన్న మల్లడు బసవమ్మకు ఇచ్చాడు. ఆమె గరిటె కొంగున దోపుకుని, మహారాణిలా పది అడుగులు నడిచి పోలడికి ఇచ్చింది. పోలడు పదో అడుగు వేసి, వెనక్కి నడిచొచ్చి, కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"కేతిగా... ఇంక నీ వంతు."

జయకేతుడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నలభై రోజులు ఎదురుచూసిన కర్ర చేతికొచ్చింది. ఎవరి వంతూ పోకుండా వచ్చింది. అతడు వంగి ఆరుగురికీ దణ్ణం పెట్టాడు. "తోక ఖాళీగా ఉండగూడదు. అది నేను చూసుకుంటా, నడువు!" అని అవ్వ ములుకర్ర అందుకుని ఎద్దుల వెనక్కి పోయింది.

జయకేతుడు నడిచాడు. పొడుచుకుంటూ, మువ్వల మోత వింటూ, మెత్తని నేలను చుట్టి, గట్టి నేల మీద అడుగు వేస్తూ నడిచాడు. పరుగెత్తమని మనసు పోరుతున్నా వెనక నలభయ్యొక్క ఎద్దులకీ ఎంత నడక తగునో అంతే నడిచాడు. ఒకటో గుట్ట దాటింది, రెండోది దాటింది. మూడో గుట్ట దిగేసరికి ముత్యాల చెలమ ఎదురుగా వెలిసింది. వెండి గిన్నెను నేలలో పాతినట్టు గుండ్రని గుంట, అంచు చుట్టూ ముత్యాలు పోసినట్టు తెల్లని గులకరాళ్లు, నడుమ నుంచి చల్లని గాలి. మువ్వల చప్పుడు విని అడుగు నుంచి నీరు గలగలా ఊరడం మొదలైంది. పడమట సూర్యుడు బెత్తెడు ఎత్తున ఉన్నాడు. యువరాజు భుజాన ఉన్న సొరకాయ బుర్ర తీశాడు. ఇక పది అడుగులు.

వెనక నుంచి కేక ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి ఎక్కి వచ్చింది.

"తోక కూర్చుందీ!"

జయకేతుడు రాయిలా నిలిచిపోయాడు. పది అడుగుల దూరంలో నీళ్లు. తోకకు పోయి రావాలంటే ఎంత లేదన్నా సగం ఘడియ. ముంచుకుని పోతే? ఒక్క బుర్రే గదా? శోభనాద్రి అతణ్ణే చూస్తున్నాడు. మల్లలు, బసవమ్మ, పోలడు, అందరూ చూస్తున్నారు.

అతడు ఖాళీ బుర్రతో వెనక్కి తిరిగాడు. ఎద్దుల పక్కనుంచి గట్టి నేల పొడుచుకుంటూ, వీలైనంత వడిగా చివరిదాకా నడిచాడు. ఎర్రసాని అవ్వ ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చుని తీరిగ్గా ఆకు నములుతోంది.

"ఏమైందవ్వా?" అని అడిగాడు.

అవ్వ ముఖంలో నవ్వు వచ్చి వెళ్లింది. "వస్తావా రావా అని చూశాలే. వచ్చావు. ఇప్పుడు ఎద్దుల్ని లెక్కపెట్టు నాయనా. నేను ఎద్దుని గాదని గుర్తుపెట్టుకుని మరీ లెక్కపెట్టు."

జయకేతుడు లెక్కపెట్టాడు.

నలభై రెండు.

"నువ్వు వంగి బుర్ర ముంచేవాడివి. నీ ఎనక ఎవరుండేవాళ్లో ఆలోచించు," అంది అవ్వ నెమ్మదిగా.

అతడు మంద మధ్యకు నడిచాడు. అక్కడ ఇద్దరు చుక్కలోళ్లు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరికీ నుదుట తెల్లచుక్క, ఇద్దరికీ ఎడమ చెవికి చీలిక, ఇద్దరి వీపు మీదా పెరిక. నాలుగు కళ్లూ అమాయకంగా అతణ్ణే చూస్తున్నాయి. సూర్యుడి అడుగు అంచు ఇసుకను తాకింది. చెలమలో నీటి గలగల సన్నబడుతోంది.

యువరాజు తొందరపడలేదు. మువ్వల కర్రను చంకలో ఇరికించుకున్నాడు. చిరిగిన పెరికలోంచి రెండు గుప్పిళ్ల ఉప్పు తీసి, రెండు అరచేతుల్లోనూ పోసుకున్నాడు. రోజూ సాయంత్రం పిలిచే గొంతుతోనే, "చుక్కలోడా, రారా," అని పిలిచి, రెండు చేతులూ రెండు మూతుల ముందుకు చాచాడు.

కుడి చేతిని వెచ్చని గరుకు నాలిక ఆబగా నాకింది.

ఎడమ చేతికి ఎదురుగా ఉన్న ఎద్దు ఒక్క అడుగు వెనక్కి వేసింది.